కోర్టులో కట్టిన ఫైన్ 2,500. చేతి నుంచి పోయింది వేరే: ఆథరైజేషన్ లేకుండా పాత బండ్లు అమ్మిన నా అనుభవం

పరకాల సారు ఫోన్ చేసినప్పుడు నేను మడిగె (షాపు) ముందు బండ్లు కడుగుతున్నాను. 2025 జూన్ 10, మంగళవారం, పొద్దున ఏడున్నర. స్క్రీన్ మీద ఆయన పేరు చూసి "మళ్ళీ ఏదో చలాన్ మెసేజ్ వచ్చి ఉంటుంది" అనుకుని ఎత్తలేదు. రెండోసారి మోగితే తడి చేత్తోనే ఎత్తాను.

"తమ్మీ, నా బండి ఎవరికిచ్చినవ్?" అన్నారు. గొంతులో కోపం లేదు, వణుకు ఉంది. "పోలీస్ స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. నా బండి మడికొండ దగ్గర ఒక ముసలాయనను గుద్దిందట. నేను బండి అమ్మి ఏడాదిన్నర అయింది సార్ అంటే, ఆర్‌సీ మీద మీ పేరే ఉంది, మీరే రావాలె అంటున్నరు."

ఆయన రిటైర్డ్ టీచరు. జీవితంలో పోలీస్ స్టేషన్ మెట్టు ఎక్కని మనిషి. 2023 నవంబర్‌లో తన స్ప్లెండర్‌ను నాకు 41,000కు ఇచ్చారు. చైను, బ్రేక్ షూలు మార్పించి, రెండు నెలల తర్వాత ఒక పిల్లగాడికి 46,500కు అమ్మాను. సారు సంతకం పెట్టిన ట్రాన్స్‌ఫర్ ఫారాలు, 29, 30 రెండూ, ఆ పిల్లగాని చేతిలో పెట్టి "టీఓ చేయించుకో తమ్మీ" అన్నాను, అంటే ఆర్‌సీ నీ పేరు మీదికి మార్పించుకో అని. సరే అన్నా అన్నాడు. నా లెక్కలో ఆ బండి కథ అక్కడితో అయిపోయింది.

అయిపోలేదని మార్చిలోనే తెలియాలి నిజానికి. హెల్మెట్ లేదని చలాన్ వస్తే సారు నాకు ఫోన్ చేశారు. "నేను చూసుకుంటా సార్, మీరు టెన్షన్ పడకుండ్రి" అన్నాను. ఆ చలాన్ నేను కట్టాను కూడా. కట్టి, అదే పెద్ద మంచితనం అనుకున్నాను. టీఓ ఎందుకు కాలేదని మాత్రం ఆ పిల్లగాణ్ణి అడగలేదు.

నా గురించి కొంచెం చెప్పాలి. ఐటీఐ అయిపోయాక ఆరేళ్ళు ఒక ఫైనాన్స్ వాళ్ళ దగ్గర కిస్తీలు కట్టని బండ్లు గుంజుకొచ్చే పని చేశాను. ఆ పనిలో తిట్లు, శాపనార్థాలు తప్ప ఏం మిగలదు గానీ బండి చూసి రేటు చెప్పడం వస్తుంది. 2019లో హనుమకొండలో ఒక మడిగె కిరాయికి తీసుకుని ఆటో కన్సల్టెన్సీ అని బోర్డు పెట్టాను. మా దగ్గర పాత బండ్లు అమ్మేవాళ్ళందరూ పెట్టుకునే పేరే అది. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్ మొదట్లో ఒక ఏడాది కట్టాను, తర్వాత కట్టలేదు. జీఎస్టీ నంబర్ లేదు. ఆర్టీఏ నుంచి తీసుకోవాల్సిన కాగితం ఒకటి ఉంటుందని ఎప్పుడో ఎవరో అంటే విన్నాను. "అది పెద్ద పెద్ద కంపెనీలకు" అని పక్క మడిగె అన్న చెప్పాడు. నాకు కావాల్సిన జవాబు అదే కాబట్టి నమ్మాను.

ఆ రోజు పది గంటలకు పరకాల బస్సు దిగిన సారును తీసుకుని స్టేషన్‌కు వెళ్ళాను. నా దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉందని ధీమా. ప్రతి బండికీ వంద రూపాయల స్టాంపు కాగితం మీద డెలివరీ లెటర్ రాయించుకుంటాను: "ఈ రోజు సాయంత్రం 5 గంటల నుండి ఈ వాహనమునకు సంబంధించిన సకల బాధ్యతలు కొన్నవారివే." ఇద్దరు సాక్షులు, వేలిముద్రలు, అన్నీ పక్కాగా ఉంటాయి. దాన్ని ఎస్సై ముందు పెట్టాను. ఆయన తిప్పి తిప్పి చదివారు.

"అంటే ఈ సార్ దగ్గర కొన్నది నువ్వు. ఆ పోరనికి అమ్మింది నువ్వు. మంచిగ రాసిచ్చినవ్" అన్నారు.

సారును ఇరికించకుండా కాపాడుతుందనుకున్న కాగితం నన్ను పట్టిచ్చింది. దానికి నాకు బాధ లేదు. సారు పక్కన కూర్చుని ఒక్క మాట మాట్లాడకుండా కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉన్నారు. అది మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

ప్రమాదం జూన్ 8, ఆదివారం సాయంత్రం జరిగింది. రోడ్డు దాటుతున్న రైతును మన బండి గుద్దింది. కుడి కాలు తొంటి దగ్గర విరిగింది. ఎంజీఎం ఆసుపత్రిలో చేర్చారు. ప్రాణాపాయం లేదు. బండి ఇన్సూరెన్స్ మాత్రం 2024 ఆగస్టులోనే అయిపోయింది. నేను అమ్మినప్పుడు ఉంది, తర్వాత ఎవరూ కట్టలేదు. స్ప్లెండర్‌కు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు, జీఎస్టీ కలిపితే 843. ఈ అంకె గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ప్రమాదం జరిగిన బండిని ఎంవీఐ, అంటే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్, వచ్చి చూసి రిపోర్ట్ ఇవ్వాలి. జూన్ 12న ఆయన స్టేషన్‌కు వచ్చారు. బ్రేకులు చూశారు, టైర్లు చూశారు, చివరికి ఫైల్లో నా డెలివరీ లెటర్ చూశారు. దాని పైన నా కన్సల్టెన్సీ రబ్బర్ స్టాంపు ఉంది. "వీళ్ళకు ఆథరైజేషన్ ఉందా?" అని అడిగారట. అక్కడున్న కానిస్టేబుల్ నాకు తెలిసినవాడే, సాయంత్రం ఫోన్ చేసి చెప్పాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు. మా ఆవిడ అడిగితే కడుపు బాగాలేదన్నాను.

జూన్ 17, మంగళవారం, పదకొండింటికి మడిగె ముందు జీపు ఆగింది. అదే ఎంవీఐ, వెంట ఇద్దరు. మర్యాదగానే మాట్లాడారు. అరవలేదు, ఏదీ అడగలేదు. ఇది ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నానంటే, ఆఫీసర్ వస్తే ఎంతో కొంత చేతిలో పెట్టి పంపాలి అనే లెక్కతో డ్రాయర్‌లో పది వేలు విడిగా పెట్టుకుని కూర్చున్నాను. అది బయటికి తీసే సందర్భమే రాలేదు.

బండ్లు లెక్కపెట్టారు. 11 బైకులూ స్కూటర్లూ, 3 కార్లు.

"ఇవన్నీ ఎవరి పేరు మీద ఉన్నయ్?"

"ఓనర్ల పేరు మీదే సార్."

"మరి నువ్వెవరివి?"

నాకు జవాబు రాలేదు. ఆరేళ్ళ నుంచి చేస్తున్న పనికి కాగితం మీద నేనెవరినీ కాను. అమ్మినవాడిని కాదు, కొన్నవాడిని కాదు. మధ్యలో నిలబడి పైసలు తీసుకున్నవాణ్ణి.

అప్పుడు ఆయన కుర్చీలో కూర్చుని చెప్పారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 55ఎ నుంచి కొత్త రూల్స్ వచ్చాయి. నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో, అమలు 2023 ఏప్రిల్ 1 నుంచి. రిజిస్టర్ అయిన బండ్లు కొని అమ్మే ప్రతి డీలరూ ఫారం 29ఎ పెట్టుకుని 29బి అనే ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఐదేళ్ళు ఉంటుంది. ఫీజు 25,000. పెద్ద కంపెనీ, చిన్న మడిగె అని తేడా లేదు. నేను పక్క మడిగె వైపు చూశాను. అన్న అప్పటికే షటర్ సగం దించేశాడు.

సరిగ్గా అప్పుడే, దేవుడు పంపినట్టు, మా దగ్గర పనిచేసే పిల్లగాడు టింకరింగ్ షాపు నుంచి చిన్న కారు తోలుకుంటూ వచ్చి జీపు వెనకాలే ఆపాడు. కాగితాలు అడిగారు. వాడికి లైసెన్స్ ఉంది. కారుకు ఇన్సూరెన్స్ లేదు. "అమ్మే బండికి ఇన్సూరెన్స్ ఎందుకు, కొన్నోడు కట్టుకుంటడు" అనేది మా లైన్లో అందరి మాట. నాదీ అదే. అది రెండో కేసు.

రెండింటికీ కలిపి జూలై 9న కోర్టుకు రమ్మని కాగితం ఇచ్చారు. ఆథరైజేషన్ వచ్చేదాకా ఒక్క బండి కూడా అమ్మొద్దన్నారు. వెళ్ళేముందు ఎంవీఐ ఆగి, "ఇది చెయ్యడం కష్టమేం కాదయ్యా, ఊకె భయపడతరు" అన్నారు. ఆ మాట అప్పుడు ఎక్కలేదు.

జూన్ 17 నుంచి జూలై 9 వరకు 22 రోజులు. నిద్రలేని రోజులంటే ఇవే. యూట్యూబ్‌లో చూస్తే ఒకడు లక్ష ఫైన్ అంటాడు, ఒకడు జైలంటాడు. వాట్సాప్ గ్రూపులో ఒకడు బండ్లన్నీ జప్తు చేసి పాట పెడతారు అన్నాడు. ఆ మాట విని రాత్రికి రాత్రి నాలుగు బైకులు మా బాపు దగ్గరికి, ఊళ్ళో పశువుల కొట్టంలోకి తరలించాను. మా బాపు ఏమీ అడగలేదు. పొద్దున్నే ఫోన్ చేసి, "దొంగతనం చేసినవా?" అన్నాడు. లేదు బాపు అన్నాను. "మరి దొంగలెక్క ఎందుకు దాస్తున్నవ్?" అన్నాడు. మధ్యాహ్నానికి ఆ నాలుగూ తిరిగి తెచ్చి పెట్టాను.

వకీల్ సాబ్‌ను కలిస్తే ముందు నవ్వారు. మోటారు వాహనాల చట్టంలో దీనికంటూ వేరే శిక్ష రాయకపోతే సెక్షన్ 177 వస్తుందట. మొదటిసారి 500 వరకు, మళ్ళీ దొరికితే 1,500 వరకు. ఇన్సూరెన్స్ లేకుండా బండి రోడ్డెక్కించినందుకు సెక్షన్ 196. దానికి మొదటిసారి 2,000, మూడు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. మొదటిసారి కాబట్టి ఫైన్‌తో పోతుందన్నారు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. 500 రూపాయలకా నేను ఇరవై రోజులు తిండి మానేసింది!

"ఆగు" అన్నారు వకీల్ సాబ్. "నీ అసలు ఫైన్ ఆ ముసలాయన కాలు."

ఆయన చెప్పినదాన్ని నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. బండి ఎన్ని చేతులు మారినా, ఆర్‌సీ మీద ఎవరి పేరుందో వాళ్ళే చట్టం లెక్కలో ఓనర్. ప్రమాదం జరిగితే నష్టపరిహారం వాళ్ళ మెడకే. ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ కడుతుంది. లేకపోతే సొంత జేబు నుంచి. అంటే నడిపిన పిల్లగాడితో పాటు పరకాల సారు కూడా కట్టాలి. పెన్షన్ మీద బతికే మనిషి. బండి అమ్మాక దాని ముఖం కూడా చూడని మనిషి.

అమ్మిన మనిషి 14 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలనీ, కొన్నవాడు 30 రోజుల్లో తన పేరు మీదికి మార్చుకోవాలనీ సెక్షన్ 50లో ఉంది. నేను ఎవరికీ ఈ 14 రోజుల సంగతి చెప్పలేదు. నాకు తెలియక కాదు. చెబితే వాళ్ళు "అయితే ముందు నీ పేరు మీదికి మార్చుకో" అంటారు. మార్చుకుంటే ఆర్‌సీలో ఇంకో ఓనర్ పెరుగుతాడు. ఫస్ట్ ఓనర్ బండి సెకండ్ ఓనర్ అవుతుంది, రేటు పడిపోతుంది, టీఓ ఖర్చు రెండుసార్లు. అందుకే సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు డ్రాయర్‌లో పెట్టుకుంటాం. మా వ్యాపారమంతా ఆ ఖాళీ గడుల మీదే నడుస్తుంది.

జూలై 9, బుధవారం. పదిన్నరకు వెళితే పిలుపు మూడు గంటలకు వచ్చింది. లోపల ఉన్నది నాలుగు నిమిషాలు. తప్పు ఒప్పుకుంటున్నావా అన్నారు, ఒప్పుకున్నాను. 500, 2,000. మొత్తం 2,500 కట్టి రసీదు తీసుకున్నాను. బయట చెట్టు కింద చాయ్ తాగుతుంటే చెయ్యి వణుకుతోంది. వకీల్ ఫీజు రెండు పనులకూ కలిపి 15,000 మాట్లాడుకున్నాం. ఫైన్ కంటే ఆరింతలు.

ఆషాఢం కావడంతో ఎలాగూ గిరాకీ ఉండదు, ఆ నెల అమ్మకం లేకపోయినా పెద్ద బాధ అనిపించలేదు. శ్రావణం జూలై 25న మొదలవుతుంది, ఆలోపు కాగితం వస్తే చాలనుకున్నాను. ఆ లెక్క తప్పింది.

దరఖాస్తుకు ముందు కావాల్సినవి సర్దుకోవడమే పెద్ద పని. ట్రేడ్ లైసెన్స్ మళ్ళీ కట్టాను. జీఎస్టీ కోసం ఆడిటర్ దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఒక భయం పోయింది. పాత బండ్ల మీద 18 శాతం జీఎస్టీ అని జనవరిలో టీవీలో విని, లక్ష బండికి 18,000 కట్టాలనుకుని బెదిరిపోయాను. అది కాదట. 2025 జనవరి 16 నుంచి వచ్చిన 18 శాతం మనకు మిగిలిన మార్జిన్ మీద మాత్రమే. 60,000కు కొని 66,000కు అమ్మితే 6,000 మీద 1,080. నష్టానికి అమ్మితే పన్ను లేదు. ఇంటి మనిషి తన సొంత బండి అమ్ముకుంటే దీనితో సంబంధమే లేదు. మన రాష్ట్రంలో సరుకుల వ్యాపారానికి 20 లక్షల టర్నోవర్ దాటితే నంబర్ తప్పనిసరి. "నువ్వు ఎప్పుడో దాటి ఉంటవ్, పాతది తవ్వకు, ముందు నంబర్ తీస్కో" అన్నారు ఆడిటర్. 4,000 తీసుకున్నారు. నంబర్ 11 రోజుల్లో వచ్చింది.

ఈ మధ్యలో చేసిన ఇంకో పని గురించి రాయాలి. డబ్బు లెక్కలో చూస్తే చిన్నది, మనసుకు మాత్రం అదే పెద్దది. పాత నోటు పుస్తకాలు తీసి, 2019 నుంచి అమ్మిన ప్రతి బండి నంబరూ కొట్టి చూశాను. 17 బండ్లు ఇంకా పాత ఓనర్ల పేరు మీదే ఉన్నాయి. పదిహేడు మంది పరకాల సార్లు! మూడు రోజులు కూర్చుని కొన్నవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. "ఇన్నేండ్లకు యాదికొచ్చినమా అన్నా" అని ఒకడు నవ్వాడు. పదకొండు మంది ఆగస్టు లోపల టీఓ చేయించుకున్నారు. అందులో ఐదుగురికి ఫీజు నేనే కట్టాను. నలుగురు ఇంకొకరికి అమ్మేశారు, ఆ చివరి మనిషిని పట్టుకోవాలి. ఇద్దరి నంబర్లు కలవలేదు. ఆ రెండు బండ్ల అసలు ఓనర్ల ఇళ్ళకు వెళ్ళి ఉన్న సంగతి చెప్పాను. ఒకామె తలుపు ముఖం మీదే వేసింది. ఆమె తప్పేం లేదు.

మడిగెలో ఉన్న 14 బండ్లకూ ఓనర్లను మళ్ళీ కలవాల్సి వచ్చింది. కొత్త పద్ధతిలో డీలర్ దగ్గరికి బండి వచ్చిందని ఫారం 29సి మీద ఓనరూ డీలరూ ఇద్దరూ కలిసి తెలియజేయాలి. ఖాళీ ఫారాల మీది పాత సంతకాలు దానికి పనికిరావు. పదకొండు మంది దొరికారు. మిగిలిన మూడు బండ్లు నా ప్రాణం తీశాయి. నర్సంపేట వైపు ఒక బండి ఓనర్ చనిపోయి ఐదు నెలలైంది. భార్య పేరు మీదికి ముందు మారాలి: మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఫారం 31. ఆమె కూలికి పోయేది. రెండుసార్లు పని మానుకుని నాతో ఆఫీసుకు వచ్చింది. ఆ రెండు రోజుల కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. "మా ఆయన బండి నీ దగ్గర పెట్టి పోయిండు, నేను సంతకం పెట్టకపోతే ఎట్ల?" అంది. రెండో బండి ఓనర్ దుబాయ్‌లో. ఆయనకు ఎప్పుడు సెలవు దొరికితే అప్పుడే. మూడోది ఫైనాన్స్ బండి. లోన్ తీరిపోయి మూడేళ్ళయినా ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది. బ్యాంకు నుంచి బాకీ లేదనే ఎన్‌ఓసీ, ఫారం 35 తెచ్చి హెచ్‌పీ, అంటే ఆర్‌సీ మీది ఆ బ్యాంకు పేరు, తీయించడానికి 26 రోజులు పట్టింది. ఈ పని చేసిన పాపానికి చెబుతున్నాను, లోన్ తీరగానే ఎన్‌ఓసీ తెచ్చుకుని బీరువాలో పెట్టుకోవడం కాదు, అది ఆర్టీఏలో పడాలి.

29ఎ దరఖాస్తు జూలై 28, సోమవారం పెట్టాను. ఫీజు 25,000 మా ఆవిడ చిట్టీ ఎత్తి ఇచ్చింది. ఆగస్టు 8న వాపస్ వచ్చింది. నా కిరాయి అగ్రిమెంట్ 2019 నాటిది, గడువు ఎప్పుడో అయిపోయింది. మడిగె యజమాని కొత్తది రాయడానికి కిరాయి పెంచమన్నాడు. 8,000 కాస్తా 9,000 అయింది. ఆగస్టు 20న మళ్ళీ పెట్టాను. 26న వచ్చి మడిగె చూసుకుని ఫొటోలు తీసుకుని వెళ్ళారు. మర్నాడు వినాయక చవితి. మా వాడకట్టు పిల్లలు చందాకు వస్తే, ఏటా 2,016 ఇచ్చేవాణ్ణి, 516 ఇచ్చాను. "అన్నకు లాస్ వచ్చింది" అని వాళ్ళలో వాళ్ళే అనుకుంటూ పోయారు.

సెప్టెంబర్ 3, బుధవారం 29బి చేతికొచ్చింది. మొదటి దరఖాస్తు నుంచి 37 రోజులు. అందులో 12 రోజులు నా పాత అగ్రిమెంట్ తిన్నది. శ్రావణమంతా షటర్ ముందు బండ్లు పెట్టుకుని, వచ్చిన గిరాకీకి "ఇప్పుడు కాదు, వచ్చే నెల రండి" అని చెబుతూ గడిపాను. ఇద్దరు బయానా వాపస్ తీసుకున్నారు. వాళ్ళు నా ఎదురుగానే ఇంకో కన్సల్టెన్సీలో కొన్నారు. అక్కడ ఆథరైజేషన్ ఉందా లేదా అని నేనడగలేదు.

సర్టిఫికెట్ తీసుకునే రోజు తెలిసిన ఒక సంగతి విని నవ్వాలో ఏడ్వాలో తెలియలేదు. 29సి పడ్డాక బండి నా అధీనంలో ఉన్నంత కాలం చట్టం నన్నే ఓనర్‌గా లెక్కేస్తుంది. దాని మీద ఏం జరిగినా బాధ్యత నాది. కానీ ఆర్‌సీ మీద నా పేరు ఎక్కదు. ఫస్ట్ ఓనర్ బండి ఫస్ట్ ఓనర్ బండిలాగే ఉంటుంది. టీఓ, ఎన్‌ఓసీ, డూప్లికేట్ ఆర్‌సీ, ఫిట్‌నెస్ వంటి వాటికి డీలర్‌గా నేనే దరఖాస్తు పెట్టొచ్చు. అంటే ఏ భయంతో ఆరేళ్ళు ఖాళీ ఫారాలు దాచుకున్నానో, ఆ భయానికి మందు 2023 ఏప్రిల్ నుంచే ఉంది.

సెప్టెంబర్ 13, శనివారం లోక్ అదాలత్. ఆ రైతు తరఫున వాళ్ళ కొడుకు జూలైలోనే పరిహారం కేసు వేశాడు. అందులో సారు పేరు, బండి నడిపిన పిల్లగాని పేరు ఉన్నాయి. చట్టప్రకారం నా పేరు ఉండాల్సిన పని లేదు. వకీల్ సాబ్ కూడా అదే అన్నారు, నువ్వు తప్పుకోవచ్చు అని. తప్పుకుంటే పరకాల రోడ్డు మీద నేను తల ఎత్తుకుని పోలేను. లక్షన్నరకు రాజీ కుదిరింది. పిల్లగాడు 40,000 ఇచ్చాడు, వాళ్ళమ్మ కమ్మలు కుదువబెట్టి. 1,10,000 నేను కట్టాను. సారు దగ్గర ఒక్క రూపాయి పడనివ్వలేదు. రైతు చేతికర్రతో వచ్చాడు. నన్ను చూసి, "నువ్వేనా బిడ్డా బండి అమ్మినోనివి? గుద్దినోనికంటే నీకే ఎక్కువ పడ్డదే" అన్నాడు. 843 రూపాయలు ఎవరైనా కట్టి ఉంటే ఈ లక్షన్నర ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చేది, ఆయనకు ఇంకా ఎక్కువే వచ్చేదేమో.

మొత్తం ఎంతైందని మా ఆవిడ లెక్క రాసింది. కోర్టులో 2,500. వకీల్‌కు 15,000. ఆడిటర్‌కు 4,000. ఆథరైజేషన్ 25,000. రాజీకి 1,10,000. అమ్మకం లేని రెండున్నర నెలల కిరాయి దగ్గర దగ్గర 20,000. 14 బండ్ల మీద ఉన్న పాత చలాన్లు 11,460. వాటిలో ఇన్సూరెన్స్ లేని తొమ్మిదింటికి పాలసీలు 9,900. లక్షా తొంభై ఏడు వేల పైమాటే. ట్రేడ్ లైసెన్స్, ఐదుగురి టీఓ ఫీజులు, పెట్రోలు, బస్సులు, జిరాక్సులు రాయలేదు. శ్రావణంలో పోయిన గిరాకీ అసలే రాయలేదు, రాయొద్దని నేనే అన్నాను.

కాగితం వచ్చింది, ఇక దసరాకు దుమ్ము రేపుదామనుకుంటే సెప్టెంబర్ 22 నుంచి కొత్త బైకుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 350 సీసీ లోపు బండ్లన్నీ ఒక్కసారిగా చవకైపోయాయి. కొత్తది తగ్గితే పాతది ఎవరు కొంటారు? ఆషాఢంలో 52,000 అనుకున్న బండిని 45,000కు అడుగుతున్నారు. నష్టానికి అమ్మితే జీఎస్టీ లేదని ఆడిటర్ చెప్పిన మాట ఇంత తొందరగా పనికొస్తుందనుకోలేదు.

అక్టోబర్ 1, దసరా ముందు రోజు. పరకాల సారు మడిగెకు వచ్చారు, బిడ్డ వాడిన స్కూటీ మీద. బిడ్డ పెళ్ళయి బెంగళూరు పోయింది, పండుగకు వచ్చి మళ్ళీ పోతోంది. బండి ఇంట్లో ఊరికే పడి ఉందట, ఆర్‌సీ సారు పేరు మీదే ఉంది.

"నీకే అమ్ముతా" అన్నారు. "కానీ అన్నీ నా ముందట చెయ్యాలె."

రేటు బేరం ఆడలేదు. ఆయన చెప్పింది ఇచ్చాను. 29సి ఆయన ముందే పెట్టాను. ఒక్కో గడి ఆయన వేలు పెట్టి చదివారు, బడిలో పరీక్ష పేపరు దిద్దినట్టు. ఒకచోట నేను ఇంజన్ నంబర్‌లో ఒక అంకె తప్పు కొట్టాను, పట్టుకున్నారు. అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ రాగానే జేబులోంచి చిన్న డైరీ తీసి రాసుకున్నారు. కింద తేదీ, టైము కూడా వేశారు. తర్వాత గోడకు ఫ్రేమ్ కట్టి పెట్టిన 29బి దగ్గరికి వెళ్ళి, గడువు ఎప్పటిదాకా ఉందో చూసి వచ్చారు.

బస్టాండ్‌లో దింపుతా సార్ అని అలవాటు కొద్దీ ఆ స్కూటీ తాళమే చేతిలోకి తీసుకున్నాను. అంతలో గుర్తొచ్చింది. డీలర్ దగ్గర ఉన్న బండిని కొనేవాళ్ళకు నడిపి చూపించడానికీ, రిపేరుకూ, పెయింటింగ్‌కూ, తనిఖీకీ తప్ప తిప్పకూడదు. ఆ తిప్పినదీ ట్రిప్ రిజిస్టర్‌లో ఎక్కాలి.

"ఈ బండి మీద మిమ్మల్ని దింపొద్దట సార్" అన్నాను.

"ఇప్పుడే కదనయ్యా నేను దీని మీద వచ్చింది!"

"అప్పుడు అది మీది సార్."

సారు చాలాసేపు నవ్వారు. జూన్ తర్వాత ఆయన నవ్వగా చూడడం అదే. స్కూటీ లోపల పెట్టి నా సొంత బండి తీశాను. ఎక్కబోతూ ఆగి, "దీనికి ఇన్సూరెన్స్ ఉన్నదా?" అన్నారు. ఫోన్ తీసి పాలసీ చూపించాను. తేదీ చదివి, అప్పుడు ఎక్కారు.